అవ్వ ఎముకల్లో మంద

తర్లుపాడు నుంచి కంభం చెరువు కట్ట దాకా నాలుగు కాళ్ళ మీద నడిచే మేక ఏదైనా సరే, మా అవ్వ దయవల్లే నడుస్తోంది. ఆమె చెయ్యి పడితే విరిగిన మంచంకోడు కూడా అతుక్కుని, లేచి, మందతో పాటు మేతకు పోతుంది. నమ్మని వాళ్ళు మా ఇంటికి వచ్చి మంచాన్ని చూసుకోవచ్చు. దానికి మూడే కోళ్ళు. నాలుగోది మేత నుంచి ఇంకా రాలేదు.

అవ్వ పేరు గోవిందమ్మ. మా నాయన రామసుబ్బయ్యకు అమ్మ. బడి ముఖం చూడలేదు. నేను చూశాను గాని, ఇంటర్‌లో బైపీసీ సగంలో వదిలేశాను కాబట్టి ఎముకల గురించి నాకు తెలిసింది కూడా సగమే. మిగతా సగం మా అవ్వ ఒంట్లోనే నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆమెను చూస్తే ఎవరూ వైద్యురాలు అనుకోరు. మా ఊరి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన అందరి పళ్ళలాగే ఆమె పళ్ళ మీదా గోధుమరంగు చారలు. నా చిన్నప్పుడు దొడ్డి తడిక మీదుగా తల పెట్టి మేకలను చూసేది. రానురాను తడిక సందులోంచి చూడడం మొదలుపెట్టింది. తడిక పెరిగిందని నేను ఆటపట్టించేదాన్ని. అవ్వ కుంగిపోతోందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ముసలివాళ్ళు వంగుతారు, అంతే అనుకున్నాం.

ఆమె పని మేకలు కాయడం. పేరు తెచ్చుకున్నది మాత్రం కాళ్ళు కట్టడంలో. ఏ మందలో మేకపిల్ల కాలు విరిగినా సంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. అవ్వ కళ్ళు మూసుకుని విరిగినచోట వేళ్ళతో తడిమేది. లాగి సరిచేసేది. కోడిగుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి గుడ్డకు పట్టించి చుట్టేది. పైన వెదురు బద్దలు పెట్టి కట్టేది. నెల తిరిగేసరికి పిల్ల కుంటుతూ దుమికేది. విరిగినచోట ఒక గడ్డ మిగిలేది.

"దాన్ని చూసి భయపడబాకండి. ఏడాదికి అదే అరిగిపోయి కాలు నున్నగా అయితాది" అని చెప్పి పంపేది.

గడ్డను అరగదీసేది ఎవరని నేను ఒకసారి అడిగాను.

"నాకేం తెలుసు. లోపల ఎవురో ఉంటారు" అంది.

ఆ ఎవరో ఎవరన్నది చాన్నాళ్ళకు తెలిసింది. దానికి ముందు అవ్వ తన చెయ్యి విరగ్గొట్టుకోవాల్సి వచ్చింది.

ఒక ఎండాకాలం పలకల గని వైపు మందను తోలుకుపోయింది. గనిలో పనికిరాని పలకరాయి ముక్కలను పక్కనే దిబ్బగా పోస్తారు. ఆ దిబ్బ ఎక్కడం మేకపిల్లలకు సరదా. ఒక పిల్ల ఎక్కి దిగడం చేతగాక అరుస్తుంటే, దాన్ని దింపడానికి అవ్వ కూడా ఎక్కింది. కాళ్ళ కింద ముక్కలు జారాయి. కుడి అరచెయ్యి ఆనించి పడింది. అంతెత్తు నుంచేమీ కాదు, మా ఇంటి అరుగంత ఎత్తు నుంచి. అయినా మణికట్టు పుటుక్కున విరిగింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. మందను ఇంటికి తోలుకొచ్చి, దొడ్డిలో కూర్చుని, గుడ్డును పళ్ళతో పగలగొట్టి, ఎడమచేత్తో తెల్లసొన పట్టించి, తాడు ఒక కొన నోట్లో పెట్టుకుని కట్టు కట్టేసుకుంది. అన్నం ఎడమచేత్తో తింటుంటే నేను చూసి అడిగాను.

"కుడిచేత్తో తిని తిని విసుగొచ్చింది" అంది.

రెండు వారాలైనా చెయ్యి సొరకాయలా వాచే ఉండేసరికి, వద్దన్నా నాయన వినలేదు. ఆటోలో కూర్చోబెట్టి మార్కాపురం తీసుకుపోయాడు. ఆటో నాయనదే, నడిపేదీ ఆయనే. నేనూ వెంట ఎక్కాను. అక్కడ ఎముకల డాక్టరు ప్రశాంతి. ఆమెదీ ఈ పక్క ఊరే. కట్టు విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరు కట్టినారు గోవిందమ్మా?"

"నేనే."

"మేకకైతే బాగుండు."

అవ్వకు కోపం రాలేదు. మెచ్చుకోలనే అనుకుంది. డాక్టరమ్మ ఎముకను మళ్ళీ సర్ది పిండికట్టు వేసింది గాని, అప్పటికే కొంత అతుక్కుని ఉండడంతో మణికట్టు కొద్దిగా వంకరగానే ఉండిపోయింది. ఇప్పటికీ అవ్వ ఎటు చెయ్యి చూపిస్తే దానికి కాస్త పక్కకు చూసుకుని పోవాలి.

అరుగంత ఎత్తు నుంచి పడితే ఇట్లా విరగకూడదని డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. ఒంగోలు పంపి ఎముకల గట్టితనం తెలిపే స్కాన్ తీయించింది. ఆ కాగితం చూసి నాయనను, నన్ను, అవ్వను ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఎముక రాయి కాదు గోవిందమ్మా. బతికున్నది. దాంట్లో పాత ఎముకను తినేసే కణాలు ఉంటాయి. అవి తిని గుంట చేసి పోతాయి. వెనకే ఇంకో రకం కణాలు వచ్చి ఆ గుంటలో కొత్త ఎముకను పోస్తాయి. పుట్టినప్పటి నుంచీ ఇదే పని."

అవ్వ తల పక్కకు వంచి వింది. మా వైపు చేను కోయగానే రైతులు మందను పిలిపించుకుంటారు. మేకలూ గొర్రెలూ మిగిలిన దంట్లు, ఆకు తిని, పొలంలోనే పడుకుని ఎరువు వేసి పోతాయి. ఆ తర్వాతే కొత్త విత్తనం. దాన్ని మంద కట్టడం అంటారు. అవ్వ బతుకంతా ఆ పనే.

"అంటే ఎముకలో మంద కట్టినట్టా?" అంది.

"అట్లనే అనుకో" అంది డాక్టరమ్మ.

"మేకపిల్లకు కాలు అతుక్కున్నాక గడ్డ మిగుల్తాది. ఏడాదికి అరిగిపోతాది. దాన్ని తినేది ఇయ్యేనా?"

"ఇవే. ఒంట్లో రక్తానికి సున్నం, అదే కాల్షియం, తక్కువైనప్పుడు ఎముకలోంచి తవ్వి ఇచ్చేదీ ఇవే. అవి లేకపోతే బతకలేం."

"మరి నాకేమైంది?"

"ముట్టు నిలిచిపోయాక వాటిని అదుపులో పెట్టే హార్మోను ఒంట్లో తగ్గిపోతాది. అప్పుడు వాటికి ఆకలి ఎక్కువైతుంది. పోసేవాళ్ళు పోసే లోపల తినేవి ఇంకా తినేస్తాయి. నీ ఎముక ఇప్పుడు జల్లెడ మాదిరి ఉంది. నువ్వు పొట్టి అయింది కూడా అందుకే, వెన్నుపూసలు కుంగినాయి."

"కాపరి లేని మంద" అంది అవ్వ.

నాయన మధ్యలో అడిగాడు. "అయితే వాటిని మొత్తానికి చంపేసే మందు లేదా మేడమ్?"

"చంపకూడదు రామసుబ్బయ్యా. అరుదుగా కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ కణాలు పని చెయ్యవు. పాత ఎముక పోదు, ఎముక గట్టిపడతా పోతుంది. చూడ్డానికి రాయి. దెబ్బ తగిల్తే పుటుక్కుమంటాది."

పలకలు చేసే మార్కాపురం పక్కన పుట్టిన మాకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. మా పలక ఎంత నొక్కినా వంగదు. చెయ్యి జారితే రెండు ముక్కలు.

"మాత్రతో అదుపు చేద్దాం. వారానికి ఒకటే. పొద్దున్నే ఖాళీ కడుపుతో, మంచినీళ్ళతో మింగాలి. అర్ధగంట దాకా ఇంకేమీ నోట్లో పెట్టగూడదు, పడుకోకూడదు, వంగకూడదు. మాత్ర గొంతులో ఆగితే పుండు పడతాది. ఇంకొకటి, పీకించుకోవాల్సిన పన్ను ఉంటే ముందే పీకించుకో. ఈ మందు మీద ఉన్నప్పుడు దవడ మానడం కష్టం."

అవ్వ పళ్ళు చూపించింది. అన్నీ ఉన్నాయి. రంగు సంగతి డాక్టరమ్మ ఎత్తలేదు.

చివర్లో ఆమె చెప్పిన మాట నాయనను పట్టుకుంది. ఈసారి పడితే విరిగేది తుంటి అని. తుంటి విరిగిన ముసలివాళ్ళు కొందరు మళ్ళీ లేచి నడవరని. ఆటోలో తిరుగుదారి పట్టాం. తర్లుపాడు దాటాక నాయన అన్నాడు.

"అమ్మా, ఇంక చాలు. మేకలను అమ్మేద్దాం."

"అమ్మేసి నేనేం చెయ్యాలరా? గోడ చూసుకుంటా కూసోవాలా?"

"కూసో. గోడ నిన్ను దిబ్బ ఎక్కమని పిలవదు గదా."

 ఇంటికి వచ్చాక అవ్వ అన్నం ముట్టలేదు. చివరికి నాయనే మెత్తబడి ఒక మాట పెట్టాడు. ఏడాది పాటు మాత్ర మింగాలి. మళ్ళీ ఒంగోలులో స్కాన్. ఎముక కుదురుకుంటే మంద అవ్వది. లేదంటే కంభం కాశయ్యకు కబురు. కాశయ్య మేకల బేరగాడు.

"సరే పో" అంది అవ్వ.

పిండికట్టు ఉన్నన్నాళ్ళూ మేకలను నేను తోలుకుపోయాను. అవే నన్ను తోలుకుపోయాయని అవ్వ ఊరంతా చెప్పింది.

ఆదివారం మాత్ర రోజయింది. పొద్దున్నే లేచి, మాత్రా నీళ్ళ గ్లాసూ పట్టుకుని దొడ్డిలోకి పోయేది. "మేకల కాడ నిలబడితే అర్ధగంట తెలీకుండా పోతాది" అనేది. మంచి ఉపాయమే అనుకున్నాం. గ్లాసు ఖాళీగా తిరిగొచ్చేది. అర్ధగంటలో ఒక్కసారి కూడా వంగేది కాదు. మందు విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉండే మనిషి జిల్లాలో ఉండదని నాయన ఆటోలో ఎక్కినవాళ్ళకు చెప్పుకునేవాడు.

ఏడాది తిరిగింది. ఒంగోలు పోయి స్కాన్ తీయించుకొచ్చాం. కాగితం చూసి డాక్టరమ్మ నుదురు ముడిచింది. ఎముక కుదురుకోలేదు సరికదా, ఇంకొంచెం పలచబడింది.

"మాత్ర మానేసినావా గోవిందమ్మా?"

"ఒక్క వారం తప్పలేదు" అంది అవ్వ. అబద్ధం కాదు.

"వేరే మందు ఆలోచిద్దాం. రక్త పరీక్షలు రానీ" అని పంపించింది.

నాయన ఇంక ఆగలేదు. ఆ వారంలోనే కాశయ్యకు కబురు పెట్టాడు. కాశయ్య వచ్చి దొడ్డిలో అడుగుపెట్టాడు. ఒక్కొక్క మేక నోరు తెరిచి పళ్ళు చూశాడు. నడుం మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. అవ్వ ఒక మూల కర్ర ఆనించుకుని నిలబడింది. బతిమాలలేదు. మాటంటే మాటే ఆమెకు. నేను తడిక పట్టుకుని నిలబడ్డాను. లోపలికి పోతే ఏడుస్తానని భయం.

నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న మేకను మేము చుక్కది అంటాం. కాశయ్య దాని దగ్గర ఆగి పెదవి విరిచాడు.

"ఇది ముసలిదైపోయింది అత్తా. కోతకు తప్ప పనికిరాదు."

అవ్వ కర్ర నేలకేసి కొట్టింది.

"ముసలిదా? దాని పాలు తాగి మాట్లాడు. ఎట్లాంటి మందునైనా ఒంటికి పట్టించే పాలు. ఏడాదిగా నా ఎముకల మాత్ర మింగేది దాని పాలతోనే."

నేను తడిక దాటి దొడ్డిలోకి వచ్చాను.

"ఏమన్నావు అవ్వా?" అన్నాను.

"చుక్కదాని పాలతో అన్నా. వేడివేడిగా, చెంబు నిండా."

"మరి గ్లాసు నీళ్ళు?"

"చుక్కదానికే పోసినా. పాలిచ్చింది గదా పాపం."

నాయన తల పట్టుకున్నాడు. "నీళ్ళతో మింగమని చెప్పింది గదమ్మా. నువ్వూ తలూపినావు."

"తలూపినా. మందు సంగతి ఆయమ్మకు తెలుసు, మంద సంగతి నాకు తెల్దా? తినేవాటికి ఆకలి ఎక్కువైందని చెప్పినాది ఆయమ్మే. ఆకలి మీదున్న మేక మూతికి తాడు కట్టినావనుకో, తెంపుకొని పోయి చేలో పడతాది. దానికి కడుపు నింపితే నీడన పండుకుంటాది. అందుకని మాత్రతో పాటు పాలు పోసినా. పాలతో కడుపు నిండితే నా ఎముకల జోలికి రావని."

కాశయ్య నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. "అత్తా, లెక్క మందకైతే సరిగ్గానే ఉంది" అన్నాడు.

నేను ప్రశాంతి డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సుకు ఫోన్ చేశాను. ఆమె డాక్టరమ్మకు ఇచ్చింది. డాక్టరమ్మకు విషయం చెప్పాను. "పాలలో ఉండే సున్నం ఆ మాత్రను కడుపులోనే పట్టేసుకుంటాది. ఒంటికి ఎక్కనియ్యదు. మీ అవ్వ ఏడాదంతా మింగింది దాదాపు ఏమీ లేనట్టే. రేపు తోలుకరా" అంది.

ఫోన్ పెట్టేసి ఆ మాట చెప్పాను. అవ్వ చుక్కదాని మెడ మీద చెయ్యి వేసింది.

"మాట మాటే" అంది నాయనతో. "స్కాన్ బాగలేదు. తోలుకపోనీ."

నాయన దొడ్డి అంతా ఒకసారి చూశాడు. ఆమెను చూశాడు. కాశయ్య చేతిలోంచి తాడు తీసుకున్నాడు.

"ఏడాది మాత్ర మింగాలన్నది మాట. నువ్వు మింగినది పాలు. ఏడాది ఇంకా మొదలే కాలేదు" అన్నాడు.

కాశయ్య టీ తాగి పోయాడు. పోతూపోతూ చుక్కదానికి దండం పెట్టాడు.

మర్నాడు డాక్టరమ్మ అవ్వను తిట్టలేదు. తిడితే బాగుండేదని నాయన బాధ.

"నువ్వనుకున్నట్టు కడుపు నిండి ఆగేవి కావు గోవిందమ్మా ఇవి. వీటి మేతే ఎముక. ఈ మాత్ర పోయి ఎముక మీద పూత మాదిరి కూచుంటాది. ఆ ఎముకను తిన్న కణం సొమ్మసిల్లి పడిపోతుంది. ఇంకోచోట తినలేదు."

అవ్వ ఆలోచించింది. మేకలు పడే చేను గట్టున రైతులు పేడనీళ్ళు చల్లుతారు. ఆ వాసనకు మేక మూతి తిప్పుకుంటుంది.

"పేడనీళ్ళు చల్లినట్టా?"

"అనుకో. మరి ఆ పేడనీళ్ళలో పాలు కలిపితే?"

"ఎవురన్నా కలుపుతారా" అంది అవ్వ. అని, నాలుక కరుచుకుంది.

పాలు మంచివేనని, మాత్ర మింగిన రోజు మధ్యాహ్నం తాగితే ఎముకకు బలమని డాక్టరమ్మ చెప్పింది. నాయన కూడా తన షరతులు పెట్టాడు. పలకరాతి దిబ్బల వైపు పోకూడదు. చదునుగా ఉన్న చేలల్లోనే కాయాలి. కర్ర వదలకూడదు. పిల్లమేక ఏదైనా ఎక్కితే దాని ఖర్మకు అది దిగుతుంది. అవ్వ అన్నిటికీ ఒప్పుకుంది. చివరిదానికి మాత్రం నన్ను చూసింది. అంటే దిబ్బ నేనే ఎక్కాలి.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున్నే నేనే కాపలా. మాత్ర, మంచినీళ్ళు నా కళ్ళముందే. చెంబు నా దగ్గర. చుక్కది గింజుకుంటూ అవ్వ వైపు అరుస్తుంది. అవ్వ దాని వైపు చూడదు. తడిక పక్కన కర్ర పట్టుకుని నిటారుగా, అంటే ఆమెకు వీలైనంత నిటారుగా, నిలబడుతుంది.

ఆ లెక్కన ఏడాది గడిచి మళ్ళీ స్కాన్ తీయించాం. ఈసారి డాక్టరమ్మ కాగితాన్ని మా వైపు తిప్పి చూపించింది. తరుగు ఆగింది. కొంచెం పెరిగింది కూడా. కుంగిన ఎత్తు తిరిగి రాదు, జల్లెడ మొత్తం పూడదు, పడితే ఇప్పటికీ ప్రమాదమే. కాని గాలి మనవైపు తిరిగిందని అర్థమైంది. ఇంకొన్నేళ్ళు వాడి తర్వాత ఆపేద్దామంది. మరీ ఎక్కువకాలం ఆ కణాలను పడుకోబెడితే పాత ఎముక పేరుకుని, అది కూడా విరగొచ్చునట. ఆ మాట అవ్వకు అన్నిటికంటే నచ్చింది.

"మంద తొక్కని చేను బిగుసుకపోతాది" అంది లేస్తూ.

ఇక మంద అవ్వదే. నాయన దొడ్డికి కొత్త తడిక కట్టాడు. పాతదానికంటే పొట్టిది.  అవ్వ మళ్ళీ తడిక మీదుగా తల పెట్టి మేకలను చూస్తోంది.

ఇదంతా రాసి, మొన్న ఆదివారం అవ్వ మాత్ర మింగి నిలబడినప్పుడు మొదటి నుంచీ చదివి వినిపించాను. చుక్కది కూడా వింది. అయిపోయాక ఎట్లా ఉందని అడిగాను. అవ్వ వంకర చేత్తో నాకు కొంచెం పక్కగా చూపించి ఇట్లా అంది:

"మంచంకోడు మేతకు పోలేదు. మీ నాయన నీళ్ళ పొయ్యిలో పెట్టినాడు. అర్ధగంట అయిపోయింది, లేసి తడిక తియ్యి."